నేరము వానదా, నరునిదా?

“వాన రాకడ, ప్రాణపు పోకడ ఎవరికెరుక?” అని మన పల్లెలయందొక సామెత కలదు. ఈ రెండింటిని ఒక్క త్రాట కట్టిన పెద్దలు మోటారు కార్ల నెరుగరు. అయినను, 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన మన అనకాపల్లి మీదుగా పోవు 16వ జాతీయ రహదారిపై వర్షాకాలమున ప్రయాణించువారికి ఈ సామెత తరచుగ స్ఫురించుచుండును. జడివానలో కారు జారును. ముందు పోవుచున్న లారీనో, బెల్లపు దిమ్మలతో మార్కెట్టుకు పోవు వాహనమునో తాకును. ప్రమాదకరముగ నడిపినాడని పోలీసువారు చలానా వ్రాయుదురు. “వాన చేసిన దానికి నేనేమి చేయుదును?” అని నడిపినవాడు మొరపెట్టుకొనును. ఈ రెండు మాటలలో ఏది న్యాయము? ఆ చలానాను న్యాయస్థానమున ఎదిరించినచో వాని వాదము నిలుచునా? చూచుటకిది చిన్న జరిమానా సంగతి. కాని దైవమునకును మానవ ప్రయత్నమునకును సరిహద్దు ఎచ్చటనున్నదను పెద్ద ప్రశ్న ఇందు దాగియున్నది.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండి ప్రమాదముల ప్రస్తావన కలదు. ముకుత్రాడు తెగుట, కాడి విరుగుట, ఇరుసు విరుగుట, చక్రము విరుగుట, పగ్గము తెగుట మొదలగు పది సందర్భములలో దండన లేదని అచ్చట చెప్పబడినది. తొలగుడని బండివాడు ముందుగ కేకవేయుట ఆ పదింటిలో నొకటి. తోలువాడు నేర్పరియైనచో దండన వానికే. వాని నేర్పులేమిచే బండి దారి తప్పినచో దండన యజమానికి. గమనింపదగిన విశేషమేమనగా, ఆ పదింటిలో వాన లేదు. ఇరుసు చెప్పి విరుగదు. వాన యన్ననో, కన్నులయెదుటనే కురియుచుండును. దానిని చూచుచు బండి తోలువాడు తన తోలిక మార్చుకొనవలెనని స్మృతికారుని భావమై యుండునని నాకు తోచుచున్నది.

నేటి చట్టము చెప్పునదియు ఇంచుమించుగ ఇదియే. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 80వ సెక్షనుగ నుండి, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 18వ సెక్షనుగ నిలిచిన నియమమొకటి కలదు. దుష్టసంకల్పము లేక, ధర్మసమ్మతమైన పనిని ధర్మసమ్మతమైన రీతిని, తగిన జాగ్రత్తతో చేయుచుండగా దైవవశమున హాని సంభవించినచో అది నేరము కాదు. ఇందలి ప్రాణమంతయు “తగిన జాగ్రత్త” అను మాటలోనే యున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 184వ సెక్షను ప్రమాదకరమైన తోలికను శిక్షించునపుడు, ఆ చోటు ఎట్టిది, అప్పుడెట్టి స్థితిలోనున్నది, అచ్చట రాకపోకలెంత యను సంగతులన్నియు చూడుమనుచున్నది. కనుక ఎండలో తప్పుకాని వేగము వానలో తప్పు కావచ్చును.

దీనికి కారణమును మన విద్యార్థులు భౌతికశాస్త్రమున చదువుకొన్నదే. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటును. అపాయము కనబడి బ్రేకుపై కాలు పడులోపలనే దాదాపు అంత దూరము గడచును. వేగము రెట్టింపైనచో, బ్రేకు పడిన పిదప ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. నీరు నిలిచిన రోడ్డుపై వేగముగ పోవునపుడు టైరునకును రోడ్డునకును నడుమ నీటిపొర చేరి, కారు పడవవలె తేలిపోవును. గాడులరిగిన టైరు ఆ నీటిని వెలుపలికి త్రోయజాలదు. ఇవన్నియు ముందు తెలిసిన సంగతులు, తెలిసినదానిని దైవమనరాదు.

ఇంగ్లండులో 1876లో నికల్స్, మార్స్‌లాండ్ అనువారి వ్యాజ్యమున, కనివిని యెరుగని వానకు చెరువుకట్టలు తెగి వంతెనలు కొట్టుకొనిపోగా, అది దైవఘటన యని న్యాయమూర్తు లంగీకరించిరి. అంతటి వానను ఎవ్వరును ఊహింపజాలరనుటయే అందులకు కారణము. నేడు మనకట్టి సాకు అరుదు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరమును తాకిన హుద్‌హుద్ తుపాను రాకను వాతావరణ శాఖవారు ముందుగనే ప్రకటించిరి. సామెతలో మొదటి సగము కొంత మారినదన్నమాట.

అట్లని, కారు జారినది గనుక నడిపినవాడు దోషియే యనుటయు న్యాయము కాదు. కర్ణాటక రాష్ట్రము, సతీష్ అను కేసులో 1998లో సుప్రీంకోర్టు ఈ సంగతిని తేటతెల్లము చేసినది. లారీ బోల్తాపడి పలువురు మరణించిన కేసది. “అతివేగము” అన్నంతమాత్రమున నిర్లక్ష్యము ఋజువు కాదనియు, ప్రమాదము జరిగినదను కారణముచేతనే నేరమును ఊహింపరాదనియు ఆ తీర్పు చెప్పినది. ఋజువు చేయు భారము నేరము మోపినవారిదే. చలానా ఆరోపణయే గాని తీర్పు కాదు.

కావున ఎదిరింపదలచినవాడు వానను నిందించుట మాని, తన నడవడిని నిరూపింపవలెను. రోడ్డుపై నీరు ఎంత నిలిచినది, ఆ గంటలో వాన ఎంత, టైర్ల స్థితి ఎట్టిది, దీపములు వెలిగినవా, ముందు బండికి ఎంత యెడముంచినాడు, చూచినవారెవరు? ఈ సంగతులకు ఛాయాచిత్రములను, సాక్షులను అప్పుడే సమకూర్చుకొనవలెను. వేగమును ఎవరు, దేనితో కొలిచిరని అడుగవలెను. కెమెరా పంపిన చలానా యైనచో, 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ నియమము ప్రకారము ఆ యంత్రమునకు ఆమోదపత్రముండవలెను. నోటీసు పదునైదు దినములలో పంపవలెను. గాయపడినవారికి చికిత్స చేయించుట, ఇరువదినాలుగు గంటలలోగా పోలీసులకు తెలుపుట 134వ సెక్షను విధించిన ధర్మములు. వీనిని నెరవేర్చినవాని మాటకు న్యాయస్థానమున బరువుండును.

ఇంత శ్రమ యేల, డబ్బు కట్టి బయటపడుదమని పలువురందురు. వాయిదాలకు తిరుగుటలో పోవు దినసరి కూలి జరిమానాను మించవచ్చును. ఆ బాధ నిజమే. తప్పు చేసినవాడు కట్టుటయే మర్యాద. కాని తప్పు చేయనివాడు మేజిస్ట్రేటు ఎదుట దోషినని ఒప్పుకొన్నచో, ఆ ఒప్పుకోలు తరువాతి నష్టపరిహారపు వ్యాజ్యమున వానికే ఎదురు నిలువవచ్చును. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. కాలువ పూడి రోడ్డు చెరువైనచో అది వాన తప్పా, కాలువను చూడనివారి తప్పా? 2019లో చేర్చిన 198ఏ సెక్షను ప్రకారము, రోడ్డు నిర్మాణ నిర్వహణములలో నియమములు పాటింపనందున మరణమో అంగవైకల్యమో కలిగినచో, బాధ్యులైన అధికారులకును కాంట్రాక్టరులకును లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. నడిపినవాడు నోరెత్తక పైకము కట్టి పోయినచో ఈ ప్రశ్న న్యాయస్థానపు గడప త్రొక్కదు. మరుసటి వానకు అచ్చటనే మరియొక కారు జారును.

దైవమును పురుషకారమును యాజ్ఞవల్క్యస్మృతి రథచక్రములతో పోల్చినది. బోధించునపుడు ఈ ఉపమానమును నేటి రహదారిపై నిలిపి చూపినచో విద్యార్థులకు చక్కగ పట్టుబడును. న్యాయస్థానమున నిలిచినవాడు చెప్పవలసినది “వాన కురిసినది” అని కాదు. “వాన కురియుచుండగా నేనిట్లు నడిపితిని” అని.