తాన్సేన్ అడిగే ప్రశ్న

వరంగల్‌లో రప్తీసాగర్ రైలెక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, బస్సులో సునౌలీ చేరి, అక్కడ గేటు నడిచి దాటితే నేపాల్. మనకు వీసా అక్కర్లేదు. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకుంటే చాలు. కేలండర్ మాత్రం ఏకంగా యాభయ్యేడేళ్లు జరుగుతుంది, వాళ్లది విక్రమ శకం. 2023 నవంబర్‌లో ఇంటి నుంచి బయల్దేరిన నేను 2080లో దిగాను.

బుట్వల్ నుంచి సిద్ధార్థ రాజమార్గం మీద రెండు గంటలు మలుపులే మలుపులు. కడుపులో తిప్పడం ఆగేసరికి, శ్రీనగర్ గుట్ట వాలును పట్టుకుని తాన్సేన్ కనిపిస్తుంది. పాల్పా జిల్లా కేంద్రం, ఎత్తు 1,300 మీటర్ల పైచిలుకు. ఊళ్లో చదునైన నేల కోసం వెతుక్కోవాలి. దారి అడిగితే కుడి, ఎడమ అని చెప్పరు. 'ఉకాలో' అంటే ఎక్కాలి, 'ఓరాలో' అంటే దిగాలి. "దగ్గరే, ఒక్క ఉకాలో" అని ఎవరైనా అన్నారంటే మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వస్తుందని లెక్క.

ఓ ప్రభుత్వ బడిలో ఐదు నెలలు లెక్కలు చెప్పడానికి వెళ్లాను, జీతం లేకుండా. మొదటిరోజు హెడ్మాస్టరు నా చదువు గురించి అడగలేదు. "కతి దిన్ బస్నే?" అన్నారు. ఎన్నాళ్లుంటారు? టీ కొట్టు దిదీ అదే అడిగింది. ఢాకా టోపీలు అమ్మే ముసలాయన అదే అడిగాడు. కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ పిల్ల కూడా. మర్యాదకు అడుగుతున్నారనుకున్నాను. కాదు. వచ్చిపోయేవాళ్లను చూసీ చూసీ ఈ ఊరికి ఏ ప్రశ్న ముందు అడగాలో తెలిసిపోయింది.

ఆ చూడటం ఈనాటిది కాదు. రాబర్ట్ ఫ్లెమింగ్ అనే అమెరికన్ ముస్సోరీలో పంతులు. పక్షుల పిచ్చి. 1949లో పిట్టల్ని వెతుక్కుంటూ ఇటువైపు వచ్చాడు. తర్వాత డాక్టరైన భార్య బెథెల్‌నూ, కార్ల్ ఫ్రెడరిక్స్ అనే మరో డాక్టర్నూ వెంటబెట్టుకొచ్చాడు. ఆయన పిట్టల్ని చూస్తుంటే వాళ్లు రోగుల్ని చూశారు. అలా మొదలైందే ఇక్కడి మిషన్ ఆస్పత్రి. దాన్ని నడిపే యునైటెడ్ మిషన్ టు నేపాల్ పుట్టింది నేపాల్‌లో కాదు, 1954లో మన నాగ్‌పూర్‌లో. డెబ్భై ఏళ్లుగా ఏ దేశం వాళ్లో ఒకరు ఆ గుట్టకు వస్తూనే ఉన్నారు. కొందరు జీవితమంతా ఉండిపోయారు, కొందరు ఆరు వారాలకు వెళ్లిపోయారు. ఊరు ఇద్దరికీ టీ ఇస్తుంది. భాష నేర్పడం మాత్రం మొదటివాళ్లకే.

నాకు బస నేవార్ల వీధిలో, చెక్కుడు కిటికీల పాత ఇంట్లో. ఇంటావిడను ఆమా అనేదాన్ని. ఆవిడ నన్ను 'నాని' అనేది. మనకు నాని అంటే మగపిల్లాడు గుర్తొస్తాడు, అక్కడ ఆడపిల్లనూ ముద్దుగా అలాగే పిలుస్తారు. నాకిచ్చిన గది ఆవిడ కొడుకుది. గోడకు ఫుట్‌బాల్ ఆటగాడి పోస్టరు, మేకుకు బడి టై, మంచం కింద వాడి బూట్లు. వాడు ఖతార్‌లో హోటల్ పని చేస్తున్నాడు.

మాది జగిత్యాల జిల్లా. మా దగ్గర ఎవరు ఏ ఎడారికి పోయినా "దుబాయి పోయిండు" అంటారు. మా మేనమామ పోయింది మస్కట్, అయినా ఆయన దుబాయి మామే. తాన్సేన్‌లో ఆ మాట 'ఖాడీ'. నేపాల్ ఆదాయంలో దాదాపు నాలుగో వంతు బయటి దేశాల నుంచి వచ్చే డబ్బే. ఈ ఇంటి పిల్లవాడు పనికోసం దేశం దాటితే, ఆ మంచం మీద సేవ చేస్తానంటూ దేశం దాటి నేనొచ్చి పడుకున్నాను. మొదటి రాత్రి చలి వల్లనే నిద్ర పట్టలేదని ఆమాకు చెప్పాను.

తెల్లారితే నీళ్ల గొడవ. గుట్టమీది ఊరు, నీళ్లు కింద. పంపుతో పైకి తోడాలి. కుళాయి రోజూ రాదు, వచ్చిన రోజు ఇల్లంతా నిద్ర లేస్తుంది. బకెట్లు, బిందెలు, చివరికి ప్రెషర్ కుక్కర్ కూడా నింపేవాళ్లం. అక్కడున్నన్నాళ్లూ ఒక చెంబుడు నీళ్లతో తల రుద్దుకోవడం తప్ప ఇంకేదీ నేను పూర్తిగా నేర్చుకోలేదు.

తొమ్మిదింటికే అన్నం, పప్పు, ఓ కూర. పది గంటలకు బడి. దారిలో ఎదురైన ప్రతివాళ్లూ "ఖానా ఖాయౌ?" అంటారు. 'భోంచేశారా' అన్న మన పలకరింపే, జవాబు అక్కర్లేనిదే. చుకౌనీ ఈ పాల్పా సొంత వంట. ఉడికించిన ఆలుగడ్డ, పెరుగు, ఉల్లిపాయ, పైన మెంతుల పోపు, పసుపు. తొలి ముద్దకే పెరుగుపచ్చడి అని పట్టేశాను. ఆమా ఒప్పుకోలేదు. చుకౌనీ చుకౌనీయేనంది.

బడిలో నా లెక్కలు తొలి వారం గోడకు చెప్పినట్టే అయ్యాయి. ఇంగ్లిష్ కోసం పిల్లలు 'బోర్డింగ్'లకు, అంటే ప్రైవేటు బళ్లకు, వెళ్లిపోతుంటే ఇంగ్లిష్ మిస్ వచ్చిందని చూపించుకోవడానికే నన్ను పిలిచారేమోనని ఇప్పటికీ నా అనుమానం. ఎనిమిదో తరగతికి శాతాలు ఎక్కలేదు. ఒకరోజు విసుగొచ్చి బోర్డు మీద ఖతార్ రియాల్ అని రాశాను. "ముప్పై ఆరు రూపాయలు, మిస్!" వెనక బెంచీ అరిచింది. ఏజెంటు కమిషన్, అప్పు వడ్డీ, ఇంటికి పంపే డబ్బు. గంటలో శాతాలు వచ్చేశాయి. నాకు ఆనందించాలో వద్దో తెలియలేదు.

సెలవు శనివారం. ఆదివారం పొద్దున మావాళ్లు ఫోన్ చేసి "ఇంకా లేవలేదా?" అంటే నేను హాజరు పిలుస్తూ ఉండేదాన్ని. శనివారాల్లో శ్రీనగర్ గుట్ట ఎక్కేదాన్ని. చలికాలం పొద్దున మాడీ లోయ మంచుతో నిండి పాలచెరువులా ఉంటుంది. దానికి ఎదురువైపు ధవళగిరి, మాఛాపుచ్ఛ్రే శిఖరాలు. 2006 జనవరిలో మావోయిస్టుల దాడిలో కాలి, మళ్లీ కట్టిన దర్బారు కింద కనిపిస్తుంది. కాళీగండకి నది ఒడ్డున ఖడ్గ శంషేర్ అనే పాలకుడు 1893లో భార్య పేర కట్టించిన రాణీమహల్‌కు యాత్రికులు తప్పక వెళ్తారు. నేనూ ఒకసారి వెళ్లాను. బాగుంది. వాలు దిగి మళ్లీ ఎక్కిన మోకాళ్లే ఎక్కువ గుర్తున్నాయి.

రాత్రి భోజనాలయ్యాక వీడియో కాల్. ఆమా ఫోన్‌ను చెవికి ఆనించుకునేది, అటువైపు కొడుక్కి ఆవిడ చెవి కనిపించేది. "కహిలే ఆఉఁఛౌ, బాబు?" ఎప్పుడొస్తావు? ఏదో గొణుగుడు. నేను గది తలుపు దగ్గరికి వేసుకునేదాన్ని, వాడి గది తలుపే.

మార్చి చివర నేను సర్దుకుంటున్న రాత్రి కాల్ మామూలుకన్నా పొడుగ్గా సాగింది. దసైం పండక్కి సెలవు దొరికిందట. ఆమా నవ్వింది, పక్కింటామెకు కిటికీలోంచి అరిచి చెప్పింది. మళ్లీ ఫోన్ తీసుకుని, ఈసారి నెమ్మదిగా అడిగింది.

"కతి దిన్ బస్నే?"

జవాబు నాకు వినబడలేదు. ఆవిడ వేళ్లమీద లెక్కపెట్టుకుంటోంది. నేను మంచం కింది నుంచి నా సంచి లాగి, వాడి బూట్లు మళ్లీ ముందున్నచోట పెట్టాను.