గుడారం ఎక్కడ వేద్దాం?

కొండల్లో, చెరువు ఒడ్డున క్యాంపులు పెట్టుకునే సంఘాలకు ఆరోగ్య సూచనలు

వానలు వెనుకబట్టి చలి మొదలవగానే మన సంఘాల్లో యవనస్థుల కూటములకు, సండే స్కూలు పిల్లల క్యాంపులకు స్థలం వెతకడం మొదలవుతుంది. కొన్నేళ్లుగా చాలామంది చూపు విశాఖ మన్యం వైపు పోతోంది. ముఖ్యంగా అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి, తాజంగి అంటే అందరికీ ఇష్టం. సుమారు 1000 మీటర్ల ఎత్తు, తెల్లవారుజామున కమ్మే మంచు, చుట్టూ అడవి, పక్కనే తాజంగి జలాశయం. దేవుని సృష్టిని చూసి ఆయనను స్తుతించడానికి మంచి చోటే. సందేహం లేదు.

అయితే ఒక విషయం గమనించండి. స్థలం చూసి రావడానికి వెళ్లే పెద్దలు సాధారణంగా పగలు వెళ్లి పగలే తిరిగి వస్తారు. పిల్లలు అక్కడ నిద్రపోయేది మాత్రం రాత్రి. మలేరియా దోమ కుట్టేది రాత్రి. కట్లపాము తిరిగేది రాత్రి. పై కొండల్లో వాన పడితే కింద గెడ్డ పొంగడం నిద్రలో ఎవరికీ తెలియదు. అందువల్ల "ఇక్కడ అందంగా ఉందా?" అనే ప్రశ్న ఒక్కటే చాలదు. "అర్ధరాత్రి ఒక బిడ్డకు ఆపద వస్తే ఇక్కడ ఏమవుతుంది?" అని కూడా అడిగి స్థలం ఎంచుకోవాలి.

కొండ మీద జ్వరాలు ఉండవా?

కొండ గాలి ఆరోగ్యానికి మంచిదనే నమ్మకం మిషనరీల కాలం నుండి ఉన్నదే. మదురై ప్రాంతంలో సేవ చేస్తున్న అమెరికన్ మిషనరీలు మైదానపు జ్వరాలకు తమవారిని పోగొట్టుకొని, 1845లో కొడైకెనాల్ కొండపై ఇళ్లు కట్టుకున్నారు. అక్కడి ప్రసిద్ధమైన సరస్సు 1863లో ఏర్పడింది. మలేరియా దోమ ద్వారా వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన తరువాతే ఆ సంగతి తేలింది. కొడైకెనాల్ 2,100 మీటర్ల ఎత్తున ఉంది. అంత చలిలో మలేరియా క్రిమి దోమలో పెరగడం కష్టం.

మన మన్యం అంత ఎత్తు కాదు. మెల్లగా పారే కొండ వాగుల్లో గుడ్లు పెట్టే అనాఫిలిస్ దోమలు ఇక్కడ ఉన్నాయి. మన రాష్ట్రంలో మలేరియా మునుపటికంటే బాగా తగ్గింది గానీ మన్యాన్ని ఇంకా విడిచిపెట్టలేదు. ఈ దోమ ఒకటి రెండు కిలోమీటర్లయినా ఎగరగలదు. కాబట్టి గుడారాన్ని వాగుకు కొంచెం ఎడంగా వేసినంత మాత్రాన సరిపోదు. ప్రతి ఒక్కరికీ మందు పూసిన దోమతెర, సాయంత్రం నుండి నిండుగా కప్పే బట్టలు, ఒంటికి రాసుకునే దోమల మందు ఉండాలి. దోమతెర కట్టుకోవడానికి వీలులేని స్థలం పిల్లల క్యాంపుకు తగదు. గర్భిణులు, పసిపిల్లలు వచ్చే పక్షంలో ముందుగానే డాక్టరును అడగండి.

నీటికి ఎంత దూరం?

నీటి ఒడ్డున గుడారం వేయాలని అందరికీ ఉంటుంది. గట్టు మీద నుండి చూడండి, ఒడ్డున మాత్రం పడుకోకండి. జలాశయాల్లో ఒడ్డు నుండి రెండడుగులు వేసేసరికి లోతు ఒక్కసారిగా పెరగవచ్చు. అడుగున ఒండ్రు కాళ్లను పట్టేస్తుంది. చలికాలపు నీటిలో దూకితే ఊపిరి బిగుసుకుపోయి, ఈత వచ్చినవారు కూడా మునిగిపోతారు.

ఆనకట్టకు దిగువన వాగులో, ఇసుకలో, రాళ్ల మీద ఎన్నడూ బస చేయకూడదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో విహారయాత్రకు వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ డ్యామ్ నుండి నీరు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ తల్లిదండ్రుల దుఃఖం ఇంకెవరికీ రాకూడదు.

వరద గుర్తు ఎక్కడివరకు వస్తుందో ఆ ఊరి గిరిజన పెద్దలను అడగండి. వారికి తెలిసినంత మనకు తెలియదు. పొదలకు, చెట్లకు చిక్కుకున్న ఎండుగడ్డి, చెత్త కనిపిస్తే నీరు అంతవరకు వచ్చిందని అర్థం. దానికి బాగా ఎగువన గుడారం వేయండి.

ఎవరైనా మునిగితే వెంటనే దూకకండి. తాడు, కర్ర, మూత బిగించిన ఖాళీ క్యాను విసరండి. బయటికి తీసిన మనిషిని తలకిందులుగా పట్టుకొని తిప్పడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం చేయవద్దు. ఊపిరి లేకపోతే వెంటనే నోటి ద్వారా ఊపిరి ఇస్తూ ఛాతీ మీద నొక్కాలి. క్యాంపుకు వెళ్లేవారిలో కనీసం ఇద్దరు దీన్ని ముందుగా నేర్చుకొని ఉండాలి.

చెట్టు పైన, చెట్టు కింద

గుడారం వేసే ముందు తలెత్తి చూడండి. ఎండిన కొమ్మలుంటే గాలికి విరిగి మీద పడతాయి. పెద్ద తేనెపట్టు ఉన్న చెట్టు దగ్గర చలిమంట వేస్తే పొగకు తేనెటీగలు లేచి మీద పడతాయి. కొండ కొమ్మున ఒంటరిగా ఉన్న చెట్టు పిడుగును పిలుస్తుంది.

తరువాత కిందికి చూడండి. పుట్టలు, రాళ్ల గుట్టలు, కట్టెల మోపులు ఉన్నచోట పాములుంటాయి. కట్లపాము నేల మీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారి కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతుంటే అది కట్లపాము కాటు కావచ్చు. అడుగు భాగం కుట్టేసి ఉన్న గుడారం, లేదా నేలకు ఎత్తుగా మంచం, పరుపు కింద దోపిన దోమతెర మంచి రక్షణ. రాత్రి టార్చి లేకుండా, చెప్పులు లేకుండా ఎవరూ అడుగు బయట పెట్టకూడదు.

ఏపుగా పెరిగిన గడ్డిలో, పొదల్లో కంటికి కనిపించనంత చిన్న పురుగులుంటాయి. వాటి వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. గడ్డి కోసి శుభ్రం చేసిన చోటే కూర్చోండి, బట్టలు పొదల మీద ఆరవేయకండి.

చలికి కుంపటి

లంబసింగిలో చలి బాగా దిగిన రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. చలికి తాళలేక కొందరు బొగ్గుల కుంపటిని గుడారంలోకి తెచ్చుకొని, గాలి రాకుండా మూసుకొని పడుకుంటారు. ఇది ప్రాణాంతకం. బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పడుకున్నవారు పడుకున్నట్టే చనిపోతారు. గుడారంలో కుంపటి, స్టవ్, జనరేటరు ఉండకూడదు. దానికి బదులు రగ్గులు, స్వెట్టర్లు ఎక్కువ తీసుకువెళ్లండి. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా బస చేయవద్దు, నిప్పు పెట్టవద్దు.

మంచినీళ్లు, మరుగు

పాళెములో మలవిసర్జనకు పాళెము వెలుపల ఒక చోటు ఉండాలనీ, గుంట తవ్వి తిరిగి కప్పాలనీ ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో ధర్మశాస్త్రం ఇశ్రాయేలీయులకు నేర్పింది. మన క్యాంపులకు కూడా అదే నియమం. మరుగుదొడ్డి ఉన్న స్థలాన్నే ఎంచుకోండి. లేకపోతే నీటికి, వంటకు, గుడారాలకు కనీసం 200 అడుగుల దూరంలో, వాలుకు దిగువన గుంట తవ్వండి. ఆడపిల్లలకు వేరుగా, వెలుతురు, తలుపు ఉండేలా ఏర్పాటు చేయండి. మనం స్నానం చేసి సబ్బు కలిపే గెడ్డ నీటినే కింది గ్రామం వారు తాగుతారని మరువకండి.

గెడ్డ నీరు ఎంత తేటగా కనిపించినా తాగకండి. తెర్ల కాచి చల్లార్చి తాగండి, లేదా క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గర ఉంచుకోండి. అవి అయిపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి తాగించండి.

ఆసుపత్రికి ఎంతసేపు?

అన్నిటికంటే ముందు చూసుకోవలసినది ఇదే. కిలోమీటర్లు లెక్కపెట్టకండి, ఘాట్ రోడ్డులో రాత్రిపూట ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టండి. ఈ ప్రాంతానికి చింతపల్లిలోనూ నర్సీపట్నంలోనూ ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. పాము విషానికి సూది మందు ఉందా అని బయలుదేరే ముందే ఫోను చేసి కనుక్కోండి.

2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు ఎందరినో బ్రతికించింది. కానీ ఫోను కలిస్తేనే 108 వస్తుంది. గుడారం వేసే చోట సిగ్నల్ ఉందా? లేకపోతే ఎంత దూరం నడిస్తే వస్తుంది? స్థలం చూడడానికి వెళ్లిన రోజే పరీక్షించి కాగితం మీద వ్రాసుకోండి. డ్రైవరుతో సహా ఒక వాహనం మూడు రాత్రులయినా క్యాంపులోనే ఉండాలి.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రం వేయించడం వద్దు. ఉంగరాలు, గాజులు తీసివేసి, ఎముక విరిగినప్పుడు చేసినట్టు ఆ అవయవాన్ని కదలకుండా బద్దతో ఉంచి, నడిపించకుండా మోసుకుపోండి. కుక్క గాని కోతి గాని కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబీస్ టీకా మొదలుపెట్టించండి.

ఇంటికి వచ్చిన తరువాత

క్యాంపు నుండి తెచ్చుకున్న జ్వరం చాలాసార్లు ఇంటికి వచ్చాకే బయటపడుతుంది. మలేరియా వారం నుండి రెండు మూడు వారాలకు రావచ్చు. వైవాక్స్ రకం నెలల తరువాత కూడా రావచ్చు. స్క్రబ్ టైఫస్ సుమారు పది రోజులకు మొదలవుతుంది. చంకలో, నడుము దగ్గర, గజ్జల్లో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు ఉందేమో చూడండి. నొప్పి ఉండదు కనుక రోగికే తెలియకపోవచ్చు. సమయానికి గుర్తిస్తే తక్కువ ఖర్చుతో దొరికే మందులతోనే ఇవి నయమవుతాయి. ఆలస్యమైతే మెదడుకు, ఊపిరితిత్తులకు ప్రమాదం.

జ్వరం వచ్చి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "ఫలానా తేదీన మన్యంలో క్యాంపులో పడుకున్నాను" అని తప్పక చెప్పండి. ఆ మాటతో డాక్టరు ఏ పరీక్ష చేయించాలో త్వరగా తెలుసుకుంటారు. క్యాంపు నాయకులు ఈ మాటను ఒక చీటీ మీద వ్రాసి ప్రతి పిల్లవాడి తల్లిదండ్రులకు ఇవ్వడం మంచిది.

కొత్త ఇల్లు కట్టేవాడు ఎవరూ పడిపోకుండా మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని అదే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉంది. పడిన తరువాత ఏడవడం కంటె పడకముందే గోడ కట్టడం భక్తిలో భాగమని దాని భావం. మన పిల్లలకు అడవిలో పిట్టగోడ మనం ఎంచుకునే స్థలమే. ఇద్దరు పెద్దలు, వీలైతే ఒక నర్సు, క్యాంపుకు పది రోజుల ముందే అక్కడికి వెళ్లి ఒక రాత్రి పడుకొని రండి. ఆ రాత్రి మీకు నెమ్మది కలిగితే పిల్లలను తీసుకువెళ్లండి. ప్రభువు మీ రాకపోకలలో మిమ్మును కాపాడును గాక.