ఖిబ్లా ఎటు? – ప్రసిద్ధ మస్జిదులు, వాటి ప్రాంతాలు

మన పిల్లల్లో ఎవరినైనా “ఖిబ్లా ఎటు?” అని అడిగి చూడండి. “పడమర” అని ఠక్కున చెబుతారు. మన దేశం వరకు ఆ జవాబు దాదాపు సరైనదే. నిజానికి తెలుగు ప్రాంతాల నుంచి అది పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. కాని ఖిబ్లా అంటే పడమర కాదు, మక్కాలోని కాబా గృహం. మనం దానికి తూర్పున ఉన్నాము గనుక పడమరకు తిరుగుతున్నాము. ఈ సంగతి గ్రహిస్తే, పటాలలో కనబడే ప్రసిద్ధ మస్జిదులు ప్రపంచంలో ఏ భాగానికి చెందినవో సులువుగా జ్ఞాపకముంచుకోవచ్చు. నాలుగు దిక్కులకు నాలుగు ఉదాహరణలు చూద్దాం.

మక్కాకు ఉత్తరాన, షామ్ ప్రాంతంలో, బైతుల్ మఖ్దిస్ (జెరూసలేము) ఉంది. అక్కడివారు దక్షిణానికి తిరిగి నమాజు చేస్తారు. మన ఇళ్ళలోని పటాలలో బంగారు గుమ్మటం గల కట్టడం కింద “మస్జిదె అఖ్సా” అని రాసి ఉండడం కద్దు. అది ఖుబ్బతుస్సఖ్రా. ఖలీఫా అబ్దుల్ మలిక్ కాలంలో, హిజ్రీ 72 (క్రీ.శ. 691–92)లో నిర్మించబడింది. సీసపు రేకుల గుమ్మటం గల అఖ్సా ప్రార్థనాశాల అదే ఆవరణకు దక్షిణపు కొసన ఉంది. ఆవరణ మొత్తాన్నీ మస్జిదె అఖ్సా అని వ్యవహరించడమూ ఉంది.

మక్కాకు సూటిగా దక్షిణాన, తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా తీరంలో, కిల్వా అనే చిన్న దీవి ఉంది. 1331లో ఇబ్నె బతూతా ఈ రేవును దర్శించాడు. పగడపు రాతితో కట్టిన అక్కడి పెద్ద మస్జిదు నేడు శిథిలమై ఉంది. దాని మిహ్రాబు ఉత్తరానికి ఉంటుంది.

పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ దేశంలో జెన్నే పట్టణం ఉంది. అక్కడ ఖిబ్లా తూర్పు. ఆ మస్జిదు అంతా మట్టి ఇటుకల కట్టడం. ప్రస్తుత భవనం 1907 నాటిది. గోడల నుంచి బయటికి పొడుచుకు వచ్చిన కర్రలు అలంకారానికే కాదు. ఏటా ఊరివారంతా కలిసి గోడలకు మట్టి మెత్తేటప్పుడు అవే పరంజాగా ఉపయోగపడతాయి.

ఇక చైనాలోని షీఆన్ నగరపు పెద్ద మస్జిదు. చూడగానే చైనా దేవాలయమని భ్రమపడతాము. ముంగిళ్ళు, పెంకుల కప్పులు, కొయ్య స్తంభాలు, మినారుకు బదులు అంతస్తుల మండపం – అన్నీ ఆ దేశపు పద్ధతే. అయితే అక్కడి దేవాలయాలు సాధారణంగా దక్షిణాభిముఖంగా ఉంటే, ఈ మస్జిదు మాత్రం పడమటి ఖిబ్లాను అనుసరించి ఉంది.

దీనిని బట్టి తేలేదేమిటి? గుమ్మటమో మినారో చూసి ప్రతి మస్జిదూ అరబ్బు దేశానిదే అనుకోరాదు. అవి లేనంత మాత్రాన మస్జిదు కాదనీ అనుకోరాదు. రాయి, మట్టి, కొయ్య ఆయా ప్రాంతాలవి. ఖిబ్లా ఒక్కటే అందరిదీ.

ఈ ఎరుక అవసరమే. జెరూసలేము పాత నగరం, కిల్వా 1981లోను, జెన్నే 1988లోను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. వీటిలో జెరూసలేము 1982లో, జెన్నే 2016లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకెక్కాయి. ఎక్కడుందో తెలియని దానికి ముప్పు వచ్చిందంటే మన మనసు కదలదు.

కనుక ఇంట్లో ఒక ప్రపంచ పటం ఉంచండి. పిల్లలచేత మక్కా మీద వేలు పెట్టించి, “జెన్నేలో నమాజుకు ఎటు తిరుగుతారు?” అని అడగండి. జవాబు వారే కనుగొంటారు.