విక్టోరియా పబ్లిక్ హాలు: ఆంధ్రుల చలనచిత్ర చరిత్ర

ఆంధ్రుల చలనచిత్ర చరిత్రను 1921 నాటి 'భీష్మప్రతిజ్ఞ'తో ఆరంభించుట పరిపాటి. నిర్మాణము మాత్రమే చరిత్ర యనుకొన్నచో నిది యుక్తమే. కాని చిత్రమును జూపుటకొక తావును, చూచుటకొక సభయు నేర్పడనిదే నిర్మాణ మెక్కడిది? అట్టి తావులలో మనకు మిక్కిలి సన్నిహితమైనది సముద్రతీరమందలి చెన్నపురిలోని విక్టోరియా పబ్లిక్ హాలని మా యభిప్రాయము.

ఈ భవనమునకు 1883లో శంకుస్థాపన మొనర్చినవారు విజయనగర ప్రభువు పూసపాటి ఆనందగజపతిరాజుగారు. రాబర్ట్ చిజమ్ రూపకల్పన గావింపగా, తాటికొండ నంబెరుమాళ్ళు చెట్టిగారు 1888-90 నడుమ నిర్మించిరి. గోడలు ఎఱ్ఱయిటుకవి. చతురస్రమైన గోపురము ఇటలీ పద్ధతిది. దాని కప్పు తిరువాన్కూరు పద్ధతిది. రెండంతస్తులకును కమానుల వసారాలు, వానిని మోయు కొరింథియన్ స్తంభములు గలవు. దీనిని కలగూరగంప యనువారు లేకపోలేదు. మే మట్లు తలపము. ఆ వసారాలు లేనిచో చెన్నపురి యెండ నేరుగా హాలు గోడలను కాల్చును. హాలు నాటకములకును, సభలకును ఉద్దేశింపబడినదే. అయినను వేదిక, ఎదుట బారులుగా ప్రేక్షకులు, కొయ్యగ్యాలరీ యున్నచోట తెర యొక్కటి కట్టిన చాలును గదా!

19వ శతాబ్ది చివరి యేండ్లలోనే స్టీవెన్‌సన్ అను ఛాయాచిత్ర వర్తకు డిచ్చట పొట్టి చిత్రములను జూపెను. 1910 ప్రాంతమున రఘుపతి వెంకయ్యనాయుడుగారు 'క్రోనోమెగాఫోన్' యంత్రమును తెప్పించి యిచ్చటనే ప్రదర్శించిరి. ఫ్రాన్సు దేశపు గోమాంట్ సంస్థ చేసిన యీ యంత్రములో బొమ్మ ఫిల్ముపైన, ధ్వని గ్రామఫోను పళ్లెముపైన నుండును. రెండును సరిసమానముగా నడువవలెను; ఏమాత్రము తప్పినను పెదవి యొకటి, పాట యొకటి యగును. ధ్వని సభ నలుమూలల వినబడుటకై సంపీడిత వాయువు నుపయోగించెడివారు. ఈ యంత్రముతోనే వెంకయ్యగారు బర్మా, సింహళములకును తరలిపోయిరి. 1914లో మౌంటురోడ్డుపై గెయిటీ సినిమాహాలును నెలకొల్పిరి. ఆ గెయిటీ నేడు లేదు. కనుక ఆయన ప్రదర్శనలకు సాక్షిగా నిలిచిన యీ హాలు విలువ మఱింత హెచ్చినది.

హాలు చిరకాలము పాడువడి మూతబడియుండెను. 2023లో నగరపాలకసంస్థ రూ. 32.62 కోట్ల అంచనాతో పునరుద్ధరణ చేపట్టినది. ఇట్టి కట్టడముల మరమ్మతులో సున్నమును విడిచి సిమెంటు పూయుట హానికరము. సున్నపు గోడ తేమను పీల్చి విడుచును. సిమెంటు దానిని లోపలనే బంధించును. ఉప్పుగాలి వీచు తీరమున నట్లు చిక్కిన తేమలోని లవణము ఇటుకను పొరలు పొరలుగా రాల్చును.

హాలులో తెలుగు ప్రదర్శనల చరిత్ర యింకను సమగ్రముగా వెలువడవలసియున్నది. ఆనాటి పత్రికలలోని ప్రకటనలను తేదీలవారీగా సంకలనము చేయు పరిశోధకునకు వెంకయ్యగారి కాలమే మంచి యారంభము.