ఏ దిక్కునకు పోదును?



2024 సెప్టెంబరు మొదటి వారమును బెజవాడలో ఎవరూ మరచిపోలేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగినప్పుడు మన సంఘస్థులు అనేకులు మేడలమీద కూర్చుని అన్నం పొట్లాల కొరకు ఎదురుచూశారు. పొట్లం అందనివారు కోపపడ్డారు, అది న్యాయమే. తరువాత ప్రభుత్వము, క్రింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయల సాయం ప్రకటించింది. నీళ్లు తీశాక బురద కడుక్కొని ఎవరి ఇంటికి వారు వెళ్లాము. ఈ చివరి మాట గమనించండి. యుద్ధమునకు భయపడి పారిపోయినవాడు ఆ మాట చెప్పలేడు.

అటువంటివారిని మన పెద్దలు కాందిశీకులు అన్నారు. ‘కాం దిశం’ అంటే సంస్కృతంలో ‘ఏ దిక్కునకు?’ అని అర్థం. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. ఈ మాటను మన తెలుగువారు పుస్తకాలలో చదివి ఊరుకోలేదు, కాళ్లతో నడిచి నేర్చుకున్నారు.

బ్రిటిషువారి కాలంలో మన కోస్తా జిల్లాల నుండి వేలాదిమంది ఓడలెక్కి బర్మా వెళ్లారు. రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యపు మిల్లులలో పనిచేశారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడివారు మనవాళ్లను ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం లేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరము పడిపోయింది. ఓడలో చోటు కొందరికే దొరికింది. మిగిలినవారు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు, తమూ మీదుగా మణిపూర్‌కు, హుకాంగ్ లోయ గుండా అస్సాంకు నడిచారు. ఇలా బయలుదేరిన భారతీయులు నాలుగు లక్షలకు పైమాటే. కలరా, మలేరియా, ఆకలి వలన వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. తెల్లవారికి మంచి దారి, నల్లవారికి చెడ్డ దారి చూపారని నాటి దొరల ప్రభుత్వముపై మన నాయకులు గట్టిగా ఆరోపించారు. ప్రభుత్వపు కోరికమీద అస్సాం తేయాకు తోటల యజమానుల సంఘము దారిపొడవునా శిబిరాలు నడిపింది. అక్కడ గంజి కాచి పోసినవారిలో తోట కూలీలు ఎందరో ఉన్నారు. ఇంత నడిచి ఇల్లు చేరినవారికి ఇక్కడ ఏమి కనిపించింది? 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడ బాంబులు పడ్డాయి. తీరమువారు మూటలు సర్దుకొని లోపలి ఊళ్లకు పరుగెత్తుతున్నారు.

యుద్ధము ముగిశాక చాలామంది మళ్లీ రంగూన్ వెళ్లారు. బ్రతుకుతెరువు అక్కడే ఉన్నది మరి. అయితే 1962లో నే విన్ అనే సైన్యాధిపతి అధికారమును పట్టుకున్నాడు. 1964 మార్చిలో దుకాణములను ప్రభుత్వపరం చేశాడు. మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నాడు. దానితో తరాల కష్టార్జితము చిత్తుకాగితమైంది. ఈసారి తరిమినది యుద్ధము కాదు, చట్టము. కాని పారిపోయేవాని చేతిలోని మూట మాత్రము అంతే ఉన్నది.

ఈ సమయములో మన ప్రభుత్వము ఏమి చేసిందో న్యాయంగా చెప్పుకోవాలి. ఓడలు పంపింది. మద్రాసులోను విశాఖపట్నంలోను దిగినవారికి శిబిరము, భత్యము, చిన్న వ్యాపారానికి, ఇంటికి అప్పు ఇచ్చింది. 1969లో వారి కొరకు మద్రాసు కేంద్రంగా రెప్కో బ్యాంకు ఏర్పడింది. ఉద్యోగ ప్రకటనలు చూసే యువకులారా, ‘1963 జూన్ 1 తరువాత బర్మా నుండి వచ్చిన భారత సంతతివారికి వయోపరిమితిలో సడలింపు’ అనే వాక్యము ఆ ప్రకటనలలో ఏండ్ల తరబడి అచ్చయింది. అది ఎవరి గురించో ఎప్పుడైనా ఆలోచించారా? 1942తో పోల్చితే ఇది ఎంతో మెరుగు. ప్రభుత్వమును నిందించడము సులభము. నాకైతే ఇక్కడ మొదట కృతజ్ఞత చెప్పాలనిపిస్తుంది.

వాక్యములో ఆశ్రయపురములు అనగానే కాందిశీకుల ఊళ్లని ప్రసంగించేవారు ఉన్నారు. అది సరికాదు. సంఖ్యాకాండము 35వ అధ్యాయములోని ఆ పురములు పొరపాటున ప్రాణము తీసినవాని కొరకు. మన సంగతికి దగ్గరగా ఉన్నది ఆదికాండము 47వ అధ్యాయము. అక్కడ తరిమినది కరవు, అయినా ఫరో చేసిన ఏర్పాటు చూడండి: గోషెనులో భూమి, తినడానికి ధాన్యము, సమర్థులకు మందలమీద ఉద్యోగము. ఇది మంచి పునరావాసము. అయితే నిర్గమకాండము మొదటి అధ్యాయములో యోసేపును ఎరుగని రాజు వచ్చాడు. ఒక రాజు ఇచ్చిన స్థలము మరియొక రాజు కాలములో వెట్టిచాకిరీ స్థలమైంది. రంగూన్‌లో మనవారికి ఇంచుమించు అదే అనుభవము.

ప్రభుత్వము ఇవ్వలేనిది ఒకటి ఉన్నది. విశాఖపట్నం కంచరపాలెములో నేటికీ ‘బర్మా క్యాంపు’ అనే పేట ఉన్నది. అరువదేండ్లు దాటినా క్యాంపు అన్న పేరు పోలేదు. శిబిరము కట్టడము ప్రభుత్వపు పని. ఆ పేరు అలాగే ఉంచినది ఇరుగుపొరుగువారే. ఇరుగుపొరుగులో మన సంఘములు లేవా?

ప్రభుత్వపు కాగితాలలో వీరు కాందిశీకులు కారు, ‘తిరిగి వచ్చినవారు’. రంగూన్‌లో పుట్టిన పిల్లలను కూడ అలాగే వ్రాశారు. ఎన్నడూ చూడని దేశానికి తిరిగి రావడమేమిటి?

మా సంఘములో ఒక అవ్వ ఉన్నది. ఆమె తండ్రి కుర్రవానిగా 1942లో ఆ కొండలు నడిచాడు, యుద్ధమయ్యాక మళ్లీ వెళ్లాడు. ఆమె పదునాలుగేండ్లప్పుడు, 1964లో, ఓడ దిగింది. ఆనాటి కాగితము మడతలు చిరిగినా ప్లాస్టిక్ సంచిలో దాచుకున్నది. బుడమేరు వచ్చిన రాత్రి మేడ ఎక్కేటప్పుడు ఆమె మొదట తీసుకున్నది ఆ సంచినే. దర్శించబోయినప్పుడు దానిని నాకు చూపించింది. స్వగ్రామము అన్నచోట తాతగారి ఊరు ఉన్నది.

“మా ఊరు రంగూన్ అని చెప్పాను అయ్యగారూ,” అన్నది. “ఆ ఊరు రాయడం కుదరదన్నారు. తాతగారి ఊరు నేను ఇంతవరకు చూడనే లేదు.”