మందుపాతరలున్న నౌకాశ్రయంలోకి ప్రవేశం: యుద్ధకాల నిబంధనలు

సముద్ర మందుపాతరలకు శత్రునౌక, సరుకు నౌక అనే భేదం తెలియదు. అందుచేత నిబంధనల పాలనయే నావికులకు రక్షణ. లంగరు తెగిన స్పర్శ మందుపాతరలు వెంటనే నిర్వీర్యం కావలెనని, సైనిక పరిస్థితులు అనుమతించగానే ప్రమాద ప్రాంతాలను నౌకాయజమానులకు తెలియజేయవలెనని 1907 నాటి ఎనిమిదవ హేగ్ ఒప్పందం నిర్దేశించింది.

ఇందుకు ఇటీవలి ఉదాహరణ ఉక్రెయిన్. 2022 జూలై 22న ఇస్తాంబుల్‌లో కుదిరిన నల్లసముద్ర ధాన్య ఒప్పందం మేరకు, ఒడెస్సా, చోర్నోమోర్స్క్, యూఝ్నీ రేవుల వద్ద మందుపాతరలను పూర్తిగా తొలగించకుండానే ఎగుమతులు పునఃప్రారంభమయ్యాయి. రేవులకు వెళ్లే నౌకలు తుర్కియేలో తనిఖీ పొంది, నిర్దేశిత మార్గంలోనే పయనించవలసి ఉండేది. ప్రాదేశిక జలాలలో ఉక్రెయిన్ పైలట్ నౌకలు దారి చూపేవి. ఆగస్టు 1న ‘రజోని’ నౌక 26 వేల టన్నులకు పైగా మొక్కజొన్నతో ఒడెస్సా నుండి తొలిగా బయలుదేరింది. 2023 జూలై 17న రష్యా వైదొలగడంతో ఈ ఏర్పాటు ముగిసింది.