మగవారి మనోవ్యథకూ మందుంది

తండ్రిగారు గతించిన పిదప ఆరునెలలు నాకు నిద్ర కరవైంది. పెద్దకొడుకునన్న బింకంతో కంటతడి పెట్టలేదు. రాత్రివేళ పాలలో అశ్వగంధ చూర్ణం సేవించాను. ఒంటికి కొంత హాయి కలిగినా మనసులోని విరక్తి తగ్గలేదు. “జ్వరమొస్తే వైద్యుని వద్దకు వెళ్ళరా? ఇదీ అంతేనండీ” అన్నది నా శ్రీమతి. మానసిక వైద్యుని కలిశాను. కొన్ని వారాలు మనసువిప్పి మాట్లాడాక గుండెబరువు దిగింది.

ఇది మన శాస్త్రానికి కొత్త కాదు. చరకసంహిత పేర్కొన్న మూడు చికిత్సలలో ‘సత్త్వావజయం’ ఒకటి. అహిత విషయాల నుండి మనసును మరల్చడమే అది.

పాఠక సోదరులారా! దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే చిట్కాలతో కాలయాపన చేయకండి. వాడుతున్న చూర్ణాల సంగతీ వైద్యునికి చెప్పండి. 2022లో ప్రారంభమైన టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలన్న తలంపు కలిగితే ఆ క్షణమే ఇంట్లో చెప్పండి.